కంచం వేరయిన కాలం

ఈ మధ్య నాకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. అవతలి వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. "సార్, మీకు గా టీబీ వచ్చి తగ్గిందట గదా. మా తమ్మునికి వచ్చింది" అంటారు. కొందరు తమ్ముడని చెప్పి తమ గురించే అడుగుతారు. మాట మధ్యలో దగ్గు ఆపుకుంటున్నప్పుడు ఆ సంగతి తెలిసిపోతుంది. ఏ డాక్టరు, ఎన్ని నెలలు అన్నవి తర్వాతి ప్రశ్నలు. ముందు అడిగేది మాత్రం అందరిదీ ఒకటే: "కంచం వేరు పెట్టాల్నా సార్?"

రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఫోను పెట్టేస్తున్నాను. పెట్టాక ఒక చోట కూర్చోలేకపోతున్నాను. చెప్పాల్సింది చాలా మిగిలిపోయినట్టు ఉంటుంది. ఉద్యోగమంతా కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో ఇతరులు రాసిన వార్తలు దిద్దిన వాణ్ని. సొంత సంగతి రాసే అలవాటు లేదు. అయినా ఫోనులో పట్టని జవాబు కాబట్టి రాస్తున్నాను.

జూలై

ఎండాకాలంలో మొదలైన దగ్గు వానలు పడ్డా పోలేదు. ఏసీ గాలి వల్ల అనుకున్నాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు జారుతుంటే బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడుచుకున్నాను. పొద్దున మానేరు కట్ట మీద నాతో నడిచే మిత్రులు కొంచెం ముందుకు పోయి, నా కోసం వెనక్కి తిరిగి నిలబడటం మొదలుపెట్టారు. అది చూశాక గాని ఆస్పత్రికి పోలేదు.

ఎక్స్‌రే తీశారు. తెమడ పరీక్ష చేశారు. డాక్టరుకు మా అబ్బాయి వయసే ఉంటుంది. "ఆరు నెలలు గోలీలు వాడాలె. మంచిగ తినాలె. మధ్యల ఆపొద్దు, ఆపితే మళ్లొచ్చేది మొండిగ వస్తది" అన్నాడు. ఆరు నెలలన్నది విన్నాను. మొండిగా వస్తుందన్నదీ విన్నాను. మధ్యలో తినమన్న మాట ఎటో పోయింది. అసలు కష్టమంతా ఆ మాటలోనే ఉందని అప్పటికి తెలియదు.

ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య సుగుణ, మోటారు సైకిళ్ల షోరూములో పనిచేసే కొడుకు శ్రీధర్, ప్రైవేటు బడిలో చదువు చెప్పే కోడలు మానస, మూడో తరగతి మనవరాలు వర్ష. సుగుణది ఆదిలాబాద్ దిక్కు, ముథోల్ దగ్గరి పల్లె. రాత్రికి జొన్నరొట్టె చేయనిదే ఆమెకు వంట చేసినట్టు ఉండదు. జొన్నరొట్టె పెనం మీద నుంచి దిగిన వెంటనే తినాలి, ఆరితే అట్టముక్కే. అందుకని వాళ్ల ఊళ్లో పొయ్యి చుట్టూ కూర్చుని తింటారు. మా ఇంట్లోనూ వంటగది గడప దగ్గర చాప పరిచేవాళ్లం. ఒక రొట్టె దిగితే తుంచి అందరికీ వేసేది. రెండోది దిగేలోపు షోరూము సంగతులు, బడి సంగతులు నడిచేవి. అదేదో గొప్ప పని అని మేం ఎన్నడూ అనుకోలేదు. రొట్టె ఆరిపోతుందని కూర్చునేవాళ్లం, అంతే.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి నా కంచం, గ్లాసు, చెంబు ముందు గది కిటికీలోకి చేరాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు. సుగుణ మేనమామకు ఈ జబ్బే వచ్చినప్పుడు పశువుల కొట్టంలో మోదుగాకు విస్తరిలో పెట్టేవారట. తిన్నాక ఆ విస్తరి కాల్చేసేవారట. మా వైపు పెద్దజబ్బు అంటే కంచం వేరు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకూ అది న్యాయంగానే తోచింది. వర్ష నా చేతి ముద్ద తినే పిల్ల.

తర్వాతి వారం ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించాం. ఎవరికీ ఏమీ లేదన్నారు. వర్షకు మాత్రం ముందు జాగ్రత్తగా మందు రాశారు. అప్పుడు శ్రీధర్ కొంచెం గర్వంగా చెప్పాడు: "బాపు కంచం వేరు పెట్టినం సార్. గ్లాసు సుత వేరే."

"మంచిది. కిటికీలు తెరుస్తున్నరా?" అన్నాడు డాక్టరు.

బయట ముసురు, దాని మీద దోమలు. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి.

"టీవీ ఎక్కడ చూస్తరు?"

"ముందు అర్రలనే సార్, అందరం."

"తలుపు?"

"ఏసుకుంటం సార్. ఏసీ ఉన్నది గదా."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గిది కంచంతోని రాదు తమ్మీ, గాలితోని వస్తది. కంచం వేరు చేసిన్రు, గాలి మాత్రం అందరు కలిసి పంచుకుంటున్రు."

ఆ పూటే కిటికీలు తెరిచాం. టీవీ లోపలి గదికి పోయింది. నేను మాస్కు కట్టుకున్నాను. డాక్టరు మళ్లీ పరీక్ష చేసి చెప్పేదాకా వర్ష నా గదిలోకి రాకూడదనుకున్నాం. కంచం మాత్రం కిటికీలోనే ఉండిపోయింది. దాని వల్ల కాదని తెలిశాక కూడా దాన్ని తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నాతో సహా.

ఆగస్టు, సెప్టెంబరు

ముందు గది నాదైంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పడుకోవాలనిపించేది. కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, మళ్లీ తలుపు దగ్గరికి జరిపేవాణ్ని. పేపరు చదివితే అచ్చుతప్పులు కనపడేవి గాని వార్త ఏమిటో బుర్రకెక్కేది కాదు. గోలీలు వేసుకున్నాక నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. అరికాళ్లు మండేవి. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు, అయినా మొదటి రోజు చూసి గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఇలాంటివి వేసుకునే వాళ్లకు ముందే తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుంది.

సుగుణ తలుపు దగ్గరి స్టూలు మీద పళ్లెం పెట్టి "తినుండ్రి, సల్లగయితది" అని పోయేది. వంటగది నుంచి వచ్చేలోపే రొట్టె బిరుసెక్కేది. ఒక ముక్క తుంచి పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంటే, దాన్ని ఏం చేయాలో నాలుకకు తెలిసేది కాదు. ఎదురుగా గోడ. నమలడం కూడా వినపడేది. మిగిలింది కవర్లో చుట్టి గేటు బయటి కుక్కకు వేసేవాణ్ని. ఖాళీ పళ్లెం చూస్తే సుగుణ మనసు కుదుటపడుతుందని నా లెక్క.

మొదటి రోజుల్లో లోపలి మాటల కోసం చెవి ఒగ్గేవాణ్ని. నేను లేకపోయినా నలుగురూ చాప మీద కూర్చుంటారనుకున్నాను. కొద్ది రోజులకే ఆ చప్పుడు మారింది. పడకగదిలోంచి వర్ష కార్టూన్ల సంగీతం. శ్రీధర్ వచ్చి లోపలి గది సోఫాలో కూర్చుంటే ఫోనులోంచి ఎవరివో నవ్వులు. మానస బడిపిల్లల కాపీలు దిద్దుకున్నాక ఎప్పుడో పళ్లెం తీసుకున్న చప్పుడు. సుగుణ తిన్న చప్పుడైతే అసలే లేదు. వంటగట్టు దగ్గర నిలబడి తింటోందని తర్వాత తెలిసింది. నేను ఒక్కణ్నే అవతల కూర్చుంటే తాము గుమిగూడి నవ్వుకుంటూ తినడం ఎట్లా అని వాళ్లు ఆగిపోయారు. ఎవరూ ఎవరితో చెప్పుకోలేదు. నా ఒక్కడి కంచం వేరవుతుందనుకున్నాం, ఇంట్లో అందరి కంచాలూ వేరయ్యాయి.

సెప్టెంబరు చివర మళ్లీ పరీక్ష చేశారు. తెమడలో ఏమీ లేదు. "ఇగ మీ నుంచి ఎవలికి అంటదు. అందర్తోని కలిసి తినుండ్రి, పోరిని ఎత్తుకోండ్రి" అన్నాడు డాక్టరు. నేను తేలిగ్గా ఊపిరి తీసుకునేలోపే సిస్టర్ రాసిన బరువు మీద వేలు పెట్టాడు. "మందు దాని పని అది చేస్తంది. మీరే మీ పని చేస్తలేరు. బరువు గిట్లనే దిగితే గోలీలు తట్టుకోలేరు. ఆపాల్సొస్తది. ఆపితే ఏమైతదో మొదలే చెప్పిన."

ఇక నా ముందున్నది ఆ ఒక్క పనే, తినడం. ఉద్యోగంలో తుపాను వార్తలూ ఎన్నికల రాత్రులూ దాటినవాణ్ని, సగం రొట్టె దాటలేకపోయాను.

పరీక్ష మాట ఇంట్లో చెప్పాను. మానస తల వంచుకుని విన్నది. తర్వాత వంటగదిలో అత్తతో అన్నది నాకు వినపడింది. "డాక్టర్ సార్ చెప్పింది నిజమే అత్తమ్మా. నాకు తెల్వదని కాదు. కానీ పోరిని జూస్తె నా పాణం ఒప్పుతలేదు. దసరా సెలవులకు మెట్‌పల్లి తీస్కపోత, జర రోజులు పోనీ." మెట్‌పల్లి ఆమె తల్లిగారిల్లు. నేను ఆమెను తప్పు పట్టలేదు. కాగితం మీద ఏమీ లేదని రాసినంత మాత్రాన తల్లి కడుపులో భయం పోదు. వాళ్లిద్దరూ వెళ్లాక కార్టూన్ల సంగీతం కూడా లేకుండా పోయింది.

అక్టోబరు

మందుల కోసం పోయినప్పుడు ఆస్పత్రి బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చునేవాళ్లం. ఆ రోజు సుగుణ చీటీ పట్టుకుని వరుసలో ఉంది. నా పక్కన ఒక ముసలి జంట. మందమర్రి నుంచి వచ్చారు. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినాయన. బిడ్డ దగ్గర ఉండి ఇక్కడ చూపించుకుంటున్నారట. ఆమె స్టీలు డబ్బా మూత తీసింది. సర్వప్ప. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చింది. అంచులు ఎర్రగా ఉన్నాయి. ఒక ముక్క విరిచి నా ముందు పెట్టింది.

"తీస్కో బిడ్డా."

"వద్దమ్మా. నాకు..."

"ఏంది, బీమారా? గీడికి అందరం పెండ్లికొచ్చినమా?"

ఆమె భర్త నా వైపు వంగాడు. "తీస్కో సార్. నువ్వు తీస్కోకుంటె నన్నే తినమంటది. నాకు పండ్లు లేవు."

"పండ్లు లేవు గని నోరున్నది" అంది ఆమె.

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి దగ్గుగా మారింది. వాళ్లు పట్టించుకోలేదు. ఆయన బాయి ముచ్చట్లు మొదలుపెట్టాడు. లోపల సద్ది విప్పేటప్పుడు అందరూ ఒక దగ్గర చేరేవారట. "ఎవడన్న ఒక్కడే మూలకు కూసోని తింటుంటె పోయి అడిగేటోళ్లం, ఏమైందిరా అని. పాణం బాగలేకనన్న అయి ఉంటది, ఇంట్ల లొల్లన్న అయి ఉంటది. ఊకె ఒక్కడు తినడు" అన్నాడు. నేను వింటూ ఉన్నాను. వింటున్నంత సేపూ నా చెయ్యి డబ్బాలోకి పోతూ ఉంది. సుగుణ మందులతో వచ్చేసరికి నా వాటా అయిపోయి, రెండో ముక్క సగానికొచ్చింది.

ఆటో ఎక్కాక మొదలుపెట్టింది.

"నేను చేసిన రొట్టె కుక్కకు వేస్తిరి. ఎవలో ఇచ్చిన సర్వప్ప సాంతం తింటిరి."

కుక్క సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడు తెలిసింది.

"తెల్వదనుకున్నరా? గేటు కాడ గా కుక్క ఎంత బలిసిందో జూసిన్రా? మీ బరువంత దానికే పోయింది."

"కోపం చేయకు. సర్వప్ప రుచిగా ఉందని కాదు" అన్నాను.

"మరెందుకు తిన్నరు?"

"ఆమె పక్కన కూర్చుంది."

సుగుణ ఆటో బయటికి తిరిగింది. కమాన్ చౌరస్తా దాటేదాకా నా వైపు చూడలేదు.

మర్నాడు సాయంత్రం శ్రీధర్ త్వరగా వచ్చాడు. తల్లీ కొడుకులిద్దరూ చిన్న గ్యాస్ పొయ్యి, సిలిండరు వెనక వరండాలోకి జరిపారు. ఆ వరండాకు మూడు దిక్కులా గాలే. ఏమిటిది అంటే సుగుణ పిండి పిసుకుతూ అంది: "రొట్టె మీ దగ్గరికొచ్చేసరికి సల్లగయితంది గదా. ఇగ పొయ్యే వస్తది."

ఆ పూట ముగ్గురమే కూర్చున్నాం. నాకు వెంటనే ఆకలి వేసిందని రాస్తే అబద్ధం. లేచి లోపలికి పోవాలనిపించింది. కాలు ఆడిస్తూనే ఉన్నాను. కానీ పెనం మీద రొట్టె పొంగుతుంటే కన్ను అటు పోతుంది. అది దిగి, తుంచి, ఆవిరితో పళ్లెంలో పడ్డాక చెయ్యి పోకుండా ఉండదు. పక్కన కొడుకు తింటుంటే నోరు ఆడుతుంది. మనిషి తిండి సగం చూసి నేర్చుకున్నదే అని నాకు ఆ పూట తోచింది. ఒక రొట్టె పూర్తిగా తిన్నాను. సుగుణ దాని గురించి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే రెండో పూట తినలేకపోయేవాణ్నేమో.

దసరా వెళ్లాక మానస, వర్ష తిరిగి వచ్చారు. మానస వరండా తలుపు దగ్గరే ఆగిపోయింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. సుగుణ రొట్టె తట్టడం ఆపకుండానే అంది: "నిన్ను ఎవలు బలిమి చేస్తలేరు బిడ్డా. నీకు భయమైతె గా కొసకు కూసో. గని కండ్లకు కనవడేటట్టు కూసో."

వరండా ఆ చివర ఇంకో చాప పడింది. మధ్యలో ఒక మంచం పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ మీదుగా వర్ష అరిచింది.

"తాతా, నీది ఎన్నో రొట్టె?"

"రెండోది."

"నాది మూడోది."

"అబద్ధం. అది ఇంకా ఒకటోదే" అంది మానస.

"అమ్మా, నువ్వు తాత దిక్కా, నా దిక్కా?"

మానస పెదవి బిగించుకుంది గాని నవ్వు ఆగలేదు.

నవంబరు

చాపల మధ్య ఖాళీ ఎప్పుడు తగ్గిందో నేను చెప్పలేను. ఒకరోజు పప్పు గిన్నె అందడం లేదని మానస తన చాప కొంచెం లాగింది. ఇంకోరోజు వాన జల్లు కొడుతోందని ఇంకొంచెం లాగింది.

కలిసి తినడం వల్ల మేలు ఏమిటని అడిగితే నేను చూసింది చెప్తాను. చేతికి పప్పు అంటుకుని ఉంటే శ్రీధర్ ఫోను ముట్టలేడు. ముట్టలేకపోతే మాట్లాడతాడు. బడి మారాలని మానస నెల రోజులుగా లోలోపల సతమతమవుతోందని, ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదని ఒక రొట్టెకూ ఇంకో రొట్టెకూ మధ్య బయటపడింది. వర్ష మా అందరినీ చూసి తోటకూర తింటోంది. అన్నిటికన్నా పెద్దది, అక్కడ ఏదీ దాచడానికి వీలుండదు. ఎవరు ఎంత తిన్నారో, ఎవరి మొహం ఎట్లా ఉందో అందరికీ కనపడుతుంది. ముందు గదిలో ఒంటరిగా నేను కుక్కకు వేసింది ఈ చాప మీద వేయలేను.

అంతా సాఫీగా సాగిందని కాదు. నెల మధ్యలో వికారం బాగా పెరిగింది. వేసుకున్న గోలీలు వేసుకున్నట్టే బయటికి వచ్చేవి. పొద్దంతా గేటు దాకా పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఒక సాయంత్రం పళ్లెం పక్కకు జరిపి అన్నాను: "ఇక నాతో కాదు. రేపటి నుంచి మందులు వేసుకోను."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. అప్పుడు వర్ష అంది, మామూలుగానే, నోట్లో ముద్ద పెట్టుకుని: "నేను సుత చేదు గోలీ ఏస్కున్న గదా తాతా. రోజు ఏస్కున్న."

ఆ పిల్లకు జబ్బు లేదు. నాకు వచ్చిందని వేసుకుంది. నేను పళ్లెం మళ్లీ ముందుకు లాక్కున్నాను. మర్నాడు డాక్టరు దగ్గరికి పోయి చెప్తే రక్త పరీక్ష చేయించి, వికారానికి మందు ఇచ్చి, గోలీలు వేసుకునే వేళ మార్చాడు. కష్టమైతే మానేయకుండా పోయి చెప్పాలి. ఇది ఫోను చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట. మొదటి వారాల్లో మాస్కు కట్టుకోండి, గాలి ఆడనివ్వండి, చిన్నపిల్లల్ని దూరం పెట్టండి, ఎప్పటిదాకా అన్నది డాక్టరునే అడగండి. కంచాన్ని మాత్రం కడిగి అందరి కంచాల్లోనే పెట్టండి. లోపల కూర్చోవద్దంటే వాకిట్లో కూర్చోండి. దూరంగానైనా సరే, కనపడేటట్టు కూర్చోండి. రొట్టె గాని అన్నం గాని జబ్బును తగ్గించదు, గోలీలే తగ్గిస్తాయి. ఆ గోలీలు కడుపులో నిలబడాలంటే అన్నం కావాలి. ఆ అన్నం దిగాలంటే నాకైతే పక్కన మనిషి కావలసి వచ్చింది.

నెలాఖరుకు బరువు ఎక్కడం మొదలైంది. సిస్టర్ నన్ను రెండుసార్లు ఎక్కించి చూసింది.

జనవరి

మందులు అయిపోయాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అన్నాడు. సంబరం చేసుకోవాలని ఎవరికీ అనిపించలేదు, నాకైతే అసలే అనిపించలేదు. గోలీలు లేని పొద్దును ఎట్లా నమ్మాలో తెలియక ఇంట్లో తిరుగుతూ ఉన్నాను. ఛాతీలో ఎక్కడ పట్టేసినా, గొంతులో ఏది అడ్డం పడినా అదేనేమో అనిపిస్తుంది. ఇది రాస్తున్నప్పుడూ ఆ భయం పూర్తిగా పోలేదు. పోతుందంటున్నారు.

చలి బాగా పెరిగి, పొయ్యి మళ్లీ వంటగదిలోకి వచ్చింది. గడప దగ్గర ఒకే చాప. చలిగాలికి తలుపులు మూసి ఉన్నాయి. ఆ పూట సుగుణ పచ్చిమిర్చి, వెల్లుల్లి, పల్లీలు వేయించి కారం దంచింది. వాళ్ల దిక్కు ఠేచా అంటారు. రొట్టెతో ఆ కారం తింటూ శ్రీధర్ తన మేనేజరు గురించి ఏదో చెప్తున్నాడు. నేను నవ్వబోయాను. మిర్చి అడ్డం తిరిగింది. దగ్గు మొదలైంది, ఆగలేదు.

శ్రీధర్ మాట ఆగింది. సుగుణ చేతిలోని పిండి ముద్ద అట్లాగే ఉంది. మూసిన తలుపులు, పక్కనే పిల్ల. అందరి కళ్లలో ఒకటే కనపడింది. నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, చెయ్యి నేలకు ఆన్చి లేవబోయాను.

"కూసోండ్రి మామయ్యా" అంది మానస. "అన్నం కాడ మధ్యల లేవద్దు."

ఆమె నా వైపు చూడకుండానే వర్ష పళ్లెంలోంచి మిర్చి గింజలు ఏరి తన పళ్లెంలో వేసుకుంటోంది. నేను మళ్లీ కూర్చున్నాను.